ఈ వేసవికి ఏ తీరము?

(మాధవరమున మన సంఘసమావేశమునందు చేసిన ప్రసంగపు పాఠము)



వేసవి సెలవులలో ఒక శనివారము, ఆదివారము మన కుటుంబములన్నియు కలసి సముద్రతీరమునకు పోయి రావలెనని కార్యవర్గము తలపెట్టినది. పోవలెననుటలో అందఱిది ఒకే మాట. ఎచ్చటికి అని అడిగినంతనే సభ మూడు పాయలైనది. యువకులు పుదుచ్చేరి యనుచున్నారు. గృహస్థులు మహాబలిపురము చాలునందురు. పెద్దలు కొందఱు ఉత్తరముగా నెల్లూరు సీమవైపు మొగ్గుచున్నారు. తీరముల గుణదోషములు విచారించి చెప్పుడని మమ్ము కోరిరి. నిర్ణయించుట మీ వంతు. అయినను మా అభిప్రాయమును కడుపులో దాచుకొని మాటాడుట మాకు చేతకాదు గనుక దానినిగూడ చెప్పెదము.

సముద్రమును చూచుట యొక్కటే పనియైనచో మనకు రెండు దినములు అక్కఱలేదు. మన మాధవరమునుండి తూర్పుగా పోయినచో తిరువొత్తియూరు తీరము గంటలోపలి దారి. కాబట్టి మనము కోరుచున్నది సముద్రము మాత్రమే కాదు. ఇల్లు కదలి, నలుగురము ఒకచోట రెండు పూటలు వండుకొని తిని, ఒక రాత్రి కలసి నిదురించుట. ఇది మన యిండ్లలో అరుదైపోయినది. ఇప్పుడు ఎవరి కారు వారిది, ఎవరి సెలవు వారిది. కొడుకు, కోడలు, పిల్లలు పోవుదురు. అవ్వ ఇంటికి కాపు. "నాకెందుకు నాయనా, మీరు పోయి రండి" అని ఆమెయే అనును. ఆ మాట నిజముగా ఇష్టములేక అన్నదో, కారులో చోటు చాలదని యెఱిగి అన్నదో మనము అడుగము. మేము తీరములను తూచిన త్రాసు ఇది: అవ్వయు, ఆఱేండ్ల మనుమరాలును ఇరువురును పోగలిగి, ఇరువురును సుఖముగా తిరిగి రాగలిగిన తీరమేది?

వారాంతమున తీరవిహారమనునది మన పూర్వాచారము కాదు. మనవారు సముద్రమునకు పోయినది పర్వదినములందు స్నానమునకు, పితృకార్యములకు. అదియు తెల్లవాఱుజామున మునిగి పొద్దెక్కకముందే తిరిగివచ్చుటకు. గాలికొఱకు, వినోదముకొఱకు తీరమున బసచేయుట ఇంగ్లీషువారి అలవాటు. 18వ శతాబ్ది మధ్యభాగమున రిచర్డు రసెల్ అను వైద్యుడు సముద్రపు నీట మునుగుటయే గాక దానిని కొంచెము త్రాగుటయు ఆరోగ్యకరమని గ్రంథము వ్రాసెను. సంపన్నులు ఆయన మాట నమ్మి బ్రైటనుకు పరుగులిడిరి. (త్రాగినవారు ఏమైరో మేమెఱుగము.) 1841లో లండనునుండి బ్రైటనుకు రైలు వచ్చినది. 1871లో పార్లమెంటువారు బ్యాంకు సెలవుల చట్టము చేసి ఆగస్టులో ఒక సోమవారము విడుపు నిచ్చిరి. అంతట గుమాస్తాలును, పనివారును తీరముల దారి పట్టిరి.

అయితే లంకషైరు నూలుమిల్లుల పనివారు బ్రైటనుకు పోలేదు. వారికి దగ్గఱి తీరము బ్లాక్‌పూల్. ఒక్కొక్క ఊరి మిల్లులు ఒక్కొక్క వారము మూతపడెడివి. ఆ వారము ఊరికి ఊరే మూటలు కట్టుకొని రైలెక్కి అచ్చటికి చేరెడిది. వీధిలో ప్రక్కయింటివారే తీరమునందును ప్రక్కబసలో నుండెడివారు. దొరలు పోవు తీరము తమకును గొప్పయని వారనుకొనలేదు. తమ యూరి రైలు ఎచ్చటికి పోవునో ఆ తీరమునే తమదిగా చేసికొనిరి.

మన యూరి దారి ఎటు పోవుచున్నది? ఈ ప్రశ్నకు మాధవరమున పుట్టినవారెవరైనను ఉత్తరమునకే చేయి చూపుదురు. గ్రాండ్ నార్తరన్ ట్రంకు రోడ్డు మన గుమ్మము ముందునుండియే పోవుచున్నది. 2018లో ప్రారంభమైన మాధవరము బస్సుల ప్రాంగణమునుండి నెల్లూరికిని, తిరుపతికిని బస్సులు బయలుదేఱుచున్నవి. రైలుదారియు అట్టిదే: సెంట్రలు స్టేషనునుండి పొన్నేరి, గుమ్మిడిపూండి, తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు మీదుగా నెల్లూరు సుమారు 175 కిలోమీటర్లు. దక్షిణముగా పోవలెనన్నచో మొదట మహానగరము నంతటిని దాటవలెను. శనివారమునాడు మాధవరమునుండి తిరువాన్మియూరు చేరునప్పటికి పిల్లలు రెండుమాఱులు "ఇంకెంత దూరము" అని అడిగి, మూడవమాఱు ఏడ్చెదరు.

అయినను దక్షిణతీరములను తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. మహాబలిపురమున పల్లవుల శిల్పము లోకవిఖ్యాతము. 1984లోనే యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చిరి. 8వ శతాబ్ది ఆదిని రాజసింహుడు కట్టించిన తీరదేవాలయము ముందు నిలిచినవానికి మాట రాదు. కాని అది చూచి నేర్చుకొనవలసిన చోటు. డిసెంబరులోనో, జనవరిలోనో పోవలసినది. మే మాసమున ఆ రాతినేలపై చెప్పులు విడిచి నడచుట అవ్వకు శిక్ష. శని, ఆదివారములందు ఈస్ట్ కోస్టు రోడ్డుపై రద్దీ ఎట్టిదో మీకు చెప్పనక్కఱలేదు. ఇటువైపే ఉన్న కోవళము తీరమునకు 2021లో బ్లూ ఫ్లాగ్ అను అంతర్జాతీయ గుర్తింపు లభించినది. స్నానగృహములును, పరిశుభ్రతయు బాగున్నవి. ఒక్కపూట పోయి వచ్చుటకు కోవళము మంచిదేయని మా అభిప్రాయము.

పుదుచ్చేరి విషయమున యువకులకు కోపము రాకుండ చెప్పవలెను. ఊరు అందమైనది. సాయంకాలము సముద్రపు వీధిలో వాహనములను ఆపివేసి జనులను నడువనిత్తురు; ఆ ఏర్పాటు మన మహానగరమున గూడ ఉండిన బాగుండును. తెలుగువారికిని ఆ యూరితో సంబంధము కలదు: యానాము నేటికిని పుదుచ్చేరి పాలనలోని తెలుగు సీమ, 18వ శతాబ్దియందు అచ్చటి ఆనందరంగ పిళ్ళవారి పేర కస్తూరి రంగకవి తెలుగున ఛందోగ్రంథమే వ్రాసెను. కాని ఊరిముందఱి సముద్రమునకును మనకును నడుమ నల్లరాళ్ళ గుట్టలు. చూచుటకే గాని దిగుటకు వీలులేదు. దిగదలచినవారు ఊరు వెడలి వేఱొక తీరమునకు పోవలెను. పైగా మాధవరమునుండి 150 కిలోమీటర్లకు పైబడిన దారి, అదియు నగరము నడుమనుండి. పదిమంది స్నేహితులు పోవుటకు తగినది. నలుబది కుటుంబములు పోవుటకు తగదు.

ఇక ఉత్తరము. అన్నిటికన్న దగ్గఱిది ఎన్నూరు. ఒకప్పుడు తెల్లదొరలు బంగళాలు కట్టుకొని విడిసిన చోటది. నేడు అచ్చటికి విహారమునకు పోవుదమని ఎవరును అనరు. అత్తిపట్టు వైపు విద్యుత్కేంద్రముల బూడిద కుశస్థలి నదిముఖమున పేరుకొనినది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వరదలతో చమురు కలసివచ్చి వాగులను, వలలను, పడవలను నల్లబఱచినది. అచ్చటి జాలరుల కష్టమును గూర్చి మఱియొక సభ చేయవలసియున్నది. నేటి విషయము అది కాదు గనుక ఇంతటితో విడుచుచున్నాము.

దాని పైది పళవేర్కాడు, మన పెద్దల నోట ప్రళయకావేరి. పొన్నేరి మీదుగా రెండు గంటలలోపల చేరవచ్చును. ఒరిస్సాలోని చిల్కా తరువాత మన దేశమున ఇదియే పెద్ద ఉప్పునీటి సరస్సు. అందు అధికభాగము ఆంధ్రదేశముననే యున్నది. 1613లో డచ్చివారు ఇచ్చట కోట కట్టి, 1690లో నాగపట్టణమునకు తరలిపోవువఱకు కోరమాండల్ వర్తకము నంతటిని ఇచ్చటినుండియే నడపిరి. కోట శిథిలమైనది, వారి సమాధులు మాత్రము చెక్కడపు రాళ్ళతో నేటికిని నిలిచియున్నవి. సరస్సు నడిమి దిబ్బలపై తెలుగువారి బ్రతుకును, పలుకుబడిని తెలియగోరువారు స. వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చదువుడు. ఇంటింట ఉండదగిన పుస్తకము.

ఇన్ని యుండియు వేసవికి ప్రళయకావేరి తగదని మేము చెప్పవలసియున్నది. ఫ్లెమింగో పక్షులు వచ్చునది చలికాలమున; వేసవిలో సరస్సు ఇంకిపోయి అంచులయందు బురద, ఉప్పు మిగులును. కుటుంబములకు తగిన బస ఊరిలో కష్టము. అన్నిటికన్న ముఖ్యము, అచ్చట సముద్రము చూడవలెనన్న పడవ ఎక్కు ఆశ కలుగును. 2011 డిసెంబరు 25న విహారమునకు వచ్చినవారి పడవ మునిగి 22 మంది మరణించిరి; వారిలో పెక్కురు ఒకే బంధువర్గమువారు. ప్రాణరక్షక కవచములు లేక, మోయదగినంతకు మించి ఎక్కించిన పడవలో మన బిడ్డలను కూర్చుండబెట్టుట ఏ తీరమునందైనను కూడదు. జనవరిలో పక్షులను చూచుటకు ఒక్క పగటికి పోవుదము, గట్టునుండియే చూతము.

శ్రీహరికోట తీరము అంతరిక్షకేంద్రముది. అచ్చట మనకు ప్రవేశము లేదు. చీరాల ప్రక్కన ఓడరేవు, 2022లో జిల్లాకేంద్రమైన బాపట్లకు 9 కిలోమీటర్లలో సూర్యలంక, ఈ రెండును విశాలమైన ఇసుక తీరములే. కాని ఇచ్చటినుండి 340 కిలోమీటర్లు దాటవలెను. శని, ఆదివారములు రెండును రైలులోనే గడచిపోవును. మూడు దినముల సెలవు దొరికిన సంవత్సరము చూతము. విశాఖపట్టణపు ఋషికొండ, భీమునిపట్టణము మాట ఇంక చెప్పనేల?

మిగిలినది నెల్లూరికి తూర్పున మైపాడు. మేము ఎన్నిక చేసినది ఇదియే. నెల్లూరినుండి ఇరువదియైదు కిలోమీటర్ల లోపు. ఇందుకూరుపేట మీదుగా వరిచేలు, కొబ్బరితోటలు, రొయ్యల గుంటలు దాటి పోవు దారి. గొప్ప శిల్పములు లేవు. దుకాణములు కొద్ది. తీరమున చెట్టునీడ చాలదు. ఈ లోపములన్నియు చూచియే చెప్పుచున్నాము. కాని రైలు దిగి ఒక్క బస్సెక్కిన తీరము వచ్చును. బస వాకిటనుండి ఇసుకవఱకు అవ్వ కఱ్ఱ పట్టుకొని నడువగలదు. పిల్లలు కనుచూపు దాటి పోరు. పెన్నా డెల్టా బియ్యము, మామిడికాయ వేసిన పులుసు ఎటులను దొరకును. చేపలు తినువారికి ఒక సూచన: ఏటేటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు 61 దినములు తూర్పుతీరమున మరపడవల వేట నిషేధము. కావున పెద్ద చేప కఱవు, వెల హెచ్చు. నాటుపడవలవారు తెచ్చినది దొరకిన అదృష్టము. తిననివారికి ఈ చింతయే లేదు.

మఱియొక లాభము కలదు. దానిని లెక్కకు తీసికొనుడని కోరెదము. మన పిల్లలలో తెలుగు మాటాడువారు పెక్కురు, చదువగలవారు కొలది. 2006నాటి తమిళాభ్యసన చట్టము తరువాత బడులలో తెలుగుచదువు ఎంత సన్నగిల్లినదో మీరెఱుగుదురు. ఇంట ఒత్తులు దిద్దించినను ఆ యక్షరములకు వీధిలో పనియుండదు. తడ దాటినది మొదలు స్టేషను పలకపైనను, బస్సు నుదుటను, కిరాణా కొట్టు పైనను ఆ యక్షరములే. "నాయుడుపేట" అని ఒక పిల్ల కూడబలుకుకొని చదివి, అదే పేరు అవ్వ నోట విన్నచో, చదువు అక్కఱకు వచ్చునదని దానికి మనము వేఱుగ చెప్పవలసిన పనిలేదు. అవ్వకును అచ్చటి అంగడిలో బేరమాడు ఉత్సాహము వచ్చును. నాలుగు తరములుగా ఇచ్చట నుండి తమిళము తల్లిభాషవలె మాటాడుచున్నను, బేరమునకు మాత్రము ఆమెకు తెలుగే రుచి.

ఇక కాలనిర్ణయము. బ్రైటనుకు పోవువారు ఎండ కావలెనని పోవుదురు. మనము ఎండనుండి పాఱిపోవుచున్నాము. వారి పద్ధతిని వారివలె పాటించి మధ్యాహ్నము ఇసుకపై పరుండినచో సాయంకాలమునకు వైద్యుని వెదకవలసివచ్చును. మే మాసపు ఆరంభమున కర్తరి ప్రవేశించును. దాని వెనుకనే రోళ్ళు పగులు రోహిణీకార్తె. మన నగరమున 2003 మే 31న 45 డిగ్రీల వేడిమి నమోదైనది. నెల్లూరు పట్టణము ఇంతకన్న చల్లనిదని ఎవరును భ్రమపడవలదు. తీరమున మధ్యాహ్నము నేల కాగి, దానిపై గాలి వేడెక్కి పైకి లేవగా, ఆ చోటికి సముద్రముపైనుండి చల్లని గాలి వచ్చును. కాని పడమటి వడగాలి బలముగా వీచు దినములందు ఈ సముద్రపుగాలి ఆలస్యమగును. ఒక్కొక్కనాడు మూడు గంటలకుగాని రాదు. ఆ వడగాలి బలపడుటకు ముందే పోయి రావలెను. పరీక్షలు ముగియగానే, కర్తరికి ముందు, ఏప్రిల్ చివరి శనివారము మంచిదని మేమనుచున్నాము. పున్నమికి దగ్గఱి శనివారము దొరకినచో మఱియు మంచిది: మన తీరము తూర్పుముఖము గనుక చీకటిపడు వేళకు చంద్రుడు నీటినుండియే లేచును. అయితే పున్నమికి పోటు హెచ్చు. చంద్రుని ఇసుకపై కూర్చుండియే చూడవలెను.

ఇప్పుడు చెప్పబోవునది తల్లిదండ్రులు శ్రద్ధగా వినుడు. మైపాడైనను, సూర్యలంకయైనను, మెరీనాయైనను, తూర్పుసముద్రము నమ్మదగినది కాదు. ఏటేట ఈ తీరములందు యువకులు మునిగి చనిపోవుచునే యున్నారు. వారిలో ఈత వచ్చినవారును గలరు. దీనికి కారణము తెలిసికొనవలెను. అలలు ఒడ్డునకు తెచ్చిన నీరు తిరిగి పోవలెను గదా? నీటిలోపలి ఇసుకదిబ్బల నడుమ సందు దొరకినచోట ఆ నీరంతయు పాయగా చేరి వేగముగా లోనికి పోవును. అచ్చట అల విఱుగదు. పైకి చూచుటకు ప్రక్కచోట్లకన్న ప్రశాంతముగా నుండును. ఆ ప్రశాంతతను చూచియే జనులు అచ్చట దిగుదురు. పాయలో చిక్కినవాడు ఒడ్డువైపునకు ఎదురీది అలసి మునిగిపోవును. అట్టివాడు బెదరక, తీరమునకు సమాంతరముగా ప్రక్కకు ఈదినచో, కొలది దూరములోనే పాయ వెలుపలికి వచ్చును. పిమ్మట అలలే వానిని ఒడ్డునకు చేర్చును. ఈత రానివాడు మోకాలు దాటి దిగరాదు. చేతులు చేతులు పట్టుకొని వరుసగా దిగుట రక్షణ యనుకొందురు. కాలు జాఱిన ఒకనితో మిగిలినవారును పోవుదురు. ఎచ్చట దిగవచ్చునో ఆ యూరి జాలరులను అడుగుడు. వారు వలదన్నచోట దిగకుడు.

కార్యక్రమము ఇట్లుండవచ్చును. శనివారము ఉదయము జనశతాబ్దిలో నెల్లూరు చేరి, ఎండ ముదురకముందే నేరుగా మైపాడు బసకు పోవుట. పెట్టెలతో ఉదయమే కదలలేని కుటుంబములకు మధ్యాహ్నము బయలుదేఱు పినాకిని కలదు. పెన్నానది పేరే ఆ బండికి పెట్టిరి గనుక అవ్వకు గుర్తుండును. రైలువేళలు మాఱుచుండును, టిక్కెట్లు కొనునాడు మఱల విచారింపవలెను. సాయంకాలము నాలుగున్నరకు తీరము. రాత్రి పులిహోర, పెరుగన్నము. ఆదివారము తెల్లవాఱుజామున సూర్యోదయము, ఎనిమిది గంటలవఱకు పిల్లల స్నానము, ఆపైన ఎవరును ఇసుకపై నుండరాదు. మధ్యాహ్నము తాటిముంజలు, మజ్జిగ, నిద్ర. ఎండ తగ్గిన పిదప నెల్లూరు చేరి, ఓపిక గలవారు పెన్న ఒడ్డున రంగనాథస్వామిని సేవించి, రాత్రి బస్సులో తిరుగుప్రయాణము. ఆ బస్సు మాధవరముననే దింపును. నడిరాత్రి సెంట్రలు స్టేషనులో ఆటోవానితో వాదులాడు పని తప్పును.

బస సరిపడునన్ని గదులు గలదా యని కార్యదర్శిగారు ముందుగా కనుగొనవలెను. గదులు చాలనిచో రెండు జట్లుగా రెండు వారములలో పోవుదము. కొందఱిని మానుకొనుమనుట వలదు. త్రాగునీరు డబ్బాలలో వెంట తీసికొనిపోవలెను. నీటిలో దిగు పిల్లల పేర్లు వేఱుగ వ్రాసి, నలుగురికొక పెద్దవాని చొప్పున అప్పగింపవలెను. ఆ పెద్దవాడు ఆ గంట సేపు చేతిఫోను ముట్టరాదు. యువకులు పుదుచ్చేరి పోలేదని చిన్నబుచ్చుకొనక ఈ బాధ్యతను తాము వహింతురని మా నమ్మకము. పేర్లు ఇచ్చువారు నేడే ఇవ్వవచ్చును. జాబితాలో ప్రతి యింటివారును మొదట అవ్వ, తాతల పేర్లు వ్రాయించుడు. క్రిందివరుస పడకలు, కిటికీ ప్రక్క కుర్చీలు వారికి కేటాయించిన పిదపనే మిగిలినవారికి చోటు చూచుదుము.